ఎర్రకోట నుండి మెహందియాన్ వరకు

ఢిల్లీ జామె మస్జిద్ తూర్పు ద్వారానికి 35 మెట్లున్నాయి. అన్నిటికన్నా పై మెట్టు మీద నిలిచి చూస్తే ఎదురుగా ఎర్రకోట గోడ కనిపిస్తుంది. షాజహాన్ పాదుషా తన నివాసాన్నీ, ప్రజలు సజ్దా చేసే చోటునూ ఒకదానికొకటి చేరువలోనే కట్టించాడు. కోట 1648లో, మస్జిద్ 1656లో పూర్తయ్యాయి. నేడు ఆ రెండింటి నడుమ తోటలు, దుకాణాలు, విశాలమైన ఖాళీ నేల ఉన్నాయి. మొదటిసారి చూసేవారికి అది కోట అందం కోసం వదిలిన మైదానమని తోస్తుంది. నిజానికి అక్కడ ఒకప్పుడు వీధులు, హవేలీలు, మస్జిద్‌లు ఉండేవి. 1857 తర్వాత ఆంగ్లేయులు తమ ఫిరంగి గుండ్లకు అడ్డుండరాదని వాటిని నేలమట్టం చేశారు. ఆ ఖాళీ నేల కూడా చరిత్ర గ్రంథంలో ఒక పుటయే. కాకపోతే దానిపై అక్షరాలు కనిపించవు.

గడచిన షాబాన్ మాసంలో నేను, నా శిష్యుడొకడు ఆ మెట్ల మీద నిలబడ్డాము. ఢిల్లీలో చలి ఇంకా తగ్గలేదు. మా మదరసాకు కావలసిన కితాబుల కోసం విజయవాడలో రైలెక్కి ఇక్కడి ఉర్దూ బజారుకు వచ్చాము. మూటలు మోయడానికి తోడుగా ఉంటాడని అతన్ని వెంట తెచ్చుకున్నట్లు అందరికీ చెప్పాను. అసలు కారణం వేరు.

ఆలిమ్ కోర్సు అయిదవ సంవత్సరం చదువుతున్న ఆ పిల్లవాడు తెలివైనవాడు. శీతాకాలంలో ఒకనాడు తరగతిలో 1857 గురించి చెబుతున్నాను. అది 25 ఏళ్లుగా నేను చెబుతూ వచ్చిన పాఠమే. కోట పోయింది, పాదుషా పోయాడు, మదరసాలు పోయాయి, ఉలమాలు ఉరికంబం ఎక్కారు. పాఠం ముగిసిన తర్వాత అతను లేచి, “ఉస్తాద్, మన చరిత్రంతా పోగొట్టుకున్నవాటి చిట్టాయేనా? మిగిలినది ఏమీ లేదా?” అని అడిగాడు. సహనం వహించాలనీ, దుఆ చేయాలనీ చెప్పి కూర్చోబెట్టాను. అది జవాబు కాదని చెబుతున్నప్పుడే నాకు తెలుసు.

వారం గడవకముందే అతని తండ్రి ఫోను చేశారు. పిల్లవాడు షవ్వాల్‌లో మదరసాకు తిరిగి రానంటున్నాడట. మేనమామ సెల్‌ఫోన్ దుకాణంలో కూర్చుంటానంటున్నాడట. దుకాణంలో కూర్చోవడం హలాల్ సంపాదనే, అందులో చిన్నతనమేమీ లేదు. అవసరం కొద్దీ వెళితే దీవించి పంపేవాడిని. కాని, ‘ఇది ఓడిపోయినవారి చదువు’ అన్న తలంపుతో వెళుతున్నాడని తెలిసినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. ఆ తలంపును అతని మనసులో నాటింది నా పాఠమే.

కోట గోడ ముందు

మొదటి రోజు ఉదయం కోటకు వెళ్లాము. దీవానె ఖాస్ ముందు చాలాసేపు నిలుచున్నాము. నాదిర్ షా 1739లో ఇక్కడి నుండే నెమలి సింహాసనాన్ని పట్టుకుపోయాడు. చాందినీ చౌక్‌లోని సునెహ్రీ మస్జిద్‌లో అతను కూర్చుని ఉండగా ఒక్కరోజులో ఈ నగర ప్రజలు వేల సంఖ్యలో ఊచకోతకు గురయ్యారు. దోచుకున్నవాడూ ముస్లిమే, దోపిడీకి గురైన పాలకుడూ ముస్లిమే, చనిపోయిన ప్రజలలో అన్ని మతాల వారూ ఉన్నారు. చరిత్రను రెండు వర్గాల పోరుగా మాత్రమే చూపేవారికి ఈ ఒక్క సంఘటన చాలు, మరోమారు ఆలోచించడానికి.

“అప్పుడే పతనం మొదలైందా, ఉస్తాద్?” అని అడిగాడు పిల్లవాడు.

“అంతకు ముందే మొదలైంది, బేటా. నాదిర్ షా వచ్చి దాన్ని లోకానికి చూపించాడు. ఇంట్లోవాళ్లు ఒకరినొకరు కూలదోసుకుంటూ ఉంటే దొంగకు తలుపు విరగగొట్టే పని ఉండదు” అన్నాను.

ఒక జాతి తన లోపలి స్థితిని మార్చుకోనంతవరకు అల్లాహ్ ఆ జాతి స్థితిని మార్చడని దివ్య ఖుర్ఆన్ అర్‌రఅద్ సూరా మనకు బోధిస్తుంది. ఈ మాటను మనం ఎదుగుదలకు మాత్రమే అన్వయించుకుంటాము. పతనానికీ అదే సూత్రం వర్తిస్తుందని ఈ కోట చెబుతుంది.

1857 మే 10న మీరట్‌లో తిరగబడిన సిపాయీలు మరునాడు ఉదయానికి యమున దాటి ఈ కోట గోడల కిందికి చేరారు. ఆ రోజు హిజ్రీ 1273 రంజాన్ 16వ తేదీ. హిందూ, ముస్లిం సిపాయీలు కలిసి వచ్చి, ఎనభై దాటిన బహదూర్ షా జఫర్‌ను తమకు నాయకత్వం వహించమని కోరారు. అధికారం చేతిలో లేని, కంపెనీ ఇచ్చే పింఛనుతో బతికే వృద్ధుడతను. అయినా భిన్న మతాల, భిన్న ప్రాంతాల సైనికులు అతని పేరు కింద ఒక్కటయ్యారు. మన దేశ చరిత్రలో అది తొలి పెద్ద మలుపు. ఆ జ్వాల మన దక్కనుకూ చేరింది. అదే సంవత్సరం జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల నాయకత్వంలో హైదరాబాద్‌లోని బ్రిటిష్ రెసిడెన్సీపై దాడి జరిగింది.

ఇక్కడొక మాట దాచకుండా చెప్పాలి. మే 16న ఇదే కోటలో బందీలుగా ఉన్న సుమారు 50 మంది ఐరోపావారిని చంపేశారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు. యుద్ధంలో స్త్రీలను, పిల్లలను చంపరాదని దైవప్రవక్త ముహమ్మద్ (స) స్పష్టంగా నిషేధించారు. మనవారు చేసినంత మాత్రాన అధర్మం ధర్మం కాదు. నా పాఠంలో ఇంతకాలం ఈ సంగతి చెప్పలేదు. ఆ రోజు అక్కడ నిలబడి చెప్పాను. అతను తలవంచుకుని విన్నాడు.

సెప్టెంబరు 14న ఆంగ్లేయ సైన్యం నగరంపై దాడి మొదలుపెట్టింది. వారం తిరగకముందే ఢిల్లీ పతనమైంది. ‘దెహ్లీ ఉర్దూ అఖ్బార్’ సంపాదకుడు మౌల్వీ ముహమ్మద్ బాఖిర్‌కు మరణదండన విధించారు. నగరవాసులను ఊరి బయటికి తరిమారు. హిందువులకు ముందుగా, ముస్లింలకు చాలాకాలం తర్వాత తిరిగి వచ్చేందుకు అనుమతి దొరికింది. 1858 జనవరిలో తన సొంత కోటలోనే బహదూర్ షా ముద్దాయిగా నిలబడ్డాడు. ఆ సంవత్సరమే అతన్ని రంగూన్‌కు పంపివేశారు. 1862 నవంబరు 7న అక్కడే కన్నుమూశాడు.

ఒక మస్జిద్, మూడు మలుపులు

జుహర్ వేళకు జామె మస్జిద్‌కు తిరిగి వచ్చాము. హౌజ్‌లో చల్లటి నీళ్లతో వుజూ చేసుకున్నాము. నమాజు తర్వాత ప్రాంగణంలో ఒక వారగా కూర్చుని అతనికి ఈ మస్జిద్ కథ చెప్పాను.

1857 తర్వాత ఆంగ్లేయులు ఈ మస్జిద్‌ను స్వాధీనం చేసుకుని తమ సైనికులను ఉంచారు. దీన్ని కూల్చివేయాలన్న సలహాలు కూడా వచ్చాయి. అయిదేళ్ల పాటు ఇక్కడ అజాన్ వినిపించలేదు. 1862లో షరతులతో తిరిగి ఇచ్చారు. చాందినీ చౌక్ పడమటి కొసన ఉన్న ఫతేపురీ మస్జిద్‌ను లాలా చున్నామల్ అనే వర్తకునికి అమ్మివేశారు. అది 1877లో గాని ముస్లింల చేతికి రాలేదు.

1919 నాటికి ఇదే ప్రాంగణం మరో దృశ్యాన్ని చూసింది. రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా మార్చి 30న ఢిల్లీలో హర్తాళ్ జరిగింది. పోలీసుల కాల్పులలో హిందువులు, ముస్లింలు మరణించారు. ఏప్రిల్ 4న ఇక్కడ సమావేశమైన ముస్లింలు ఆర్యసమాజ నాయకుడు స్వామి శ్రద్ధానందను సగౌరవంగా పిలిచి ఈ మస్జిద్‌లో ప్రసంగింపజేశారు. ఆ స్నేహం ఎక్కువకాలం నిలవలేదు. తరువాతి సంవత్సరాల చరిత్ర చేదైనది. 1926లో ఆయన హత్యకు గురయ్యారు, చంపినవాడు ముస్లిం పేరు గలవాడు. ఆ హత్యను ఏ ధర్మమూ సమర్థించదు. కాని ఒక మధ్యాహ్నం ఇక్కడ సాధ్యమైనది ఎన్నటికీ అసాధ్యం కాదని మాత్రం ఆ 1919 ఏప్రిల్ మనకు సాక్ష్యమిస్తుంది.

మూడవ మలుపు 1947. ఆగస్టు 15 శుక్రవారం, రంజాన్ మాసపు చివరి జుముఆ. 90 ఏళ్ల కిందట సిపాయీలు ఢిల్లీకి చేరిన రంజాన్‌లోనే, మళ్లీ ఒక రంజాన్‌లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. ఆగస్టు 16న ఎర్రకోటపై పండిత్ నెహ్రూ జాతీయ పతాకాన్ని ఎగురవేశారు. ఆ పతాకపు తొలి రూపాన్ని తయారుచేసినవారు మన కృష్ణాజిల్లాకు చెందిన పింగళి వెంకయ్యగారు. ఆగస్టు 18న ఈద్. సెప్టెంబరు నాటికి ఢిల్లీ వీధులలో నెత్తురు పారింది. పశ్చిమ పంజాబ్‌లో తమవారిని, తమ ఇళ్లను పోగొట్టుకున్న హిందువులు, సిక్కులు లక్షలుగా ఇటు వచ్చారు. ఇక్కడి ముస్లింలు ఇళ్లు వదిలి శిబిరాలకు చేరారు. గాయం రెండు వైపులా ఒక్కటే.

ఆ అక్టోబరులో మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ ఈ మస్జిద్‌లో నిలబడి ప్రసంగించారు. మూటలు కట్టుకున్న జనం ఎదుట ఉన్నారు. తాను ఇన్నేళ్లుగా హెచ్చరించినా వినలేదని ఆయన వారిని నిష్టూరమాడారు. అయినా అక్కడితో ఆగలేదు. ఈ మినార్ల వైపు చూడమన్నారు, ఇదే యమున ఒడ్డున వుజూ చేసుకున్న పూర్వీకులను గుర్తుచేశారు, భయంతో పారిపోవడం హిజ్రత్ అనిపించుకోదని నచ్చజెప్పారు. ఎందరో ఆ రోజు మూటలు విప్పుకున్నారు.

మస్జిద్‌కు, కోటకు నడుమ తోటలో ఆయన సమాధి ఉంది. 1958 ఫిబ్రవరిలో మరణించారు. మక్కాలో పుట్టి, పాత సంప్రదాయంలో ఇంటివద్దే విద్యనభ్యసించి, స్వతంత్ర భారత తొలి విద్యామంత్రి అయ్యారు. ఆయన హయాంలోనే 1951లో ఖరగ్‌పూర్‌లో మొదటి ఐఐటీ తరగతులు ఆరంభమయ్యాయి. సలాం చెప్పి, దుఆ చేసి వెనుదిరిగినప్పుడు పిల్లవాడు నెమ్మదిగా, “ఐఐటీ ప్రారంభించింది మౌలానాగారి కాలంలోనా?” అన్నాడు. అతనికి ఇంతవరకు ఆ సంగతి చెప్పినవారు లేరు. చెప్పవలసినవాడిని నేనే.

హుమాయూన్ సమాధి దగ్గర

రెండవ రోజు ఉదయం హుమాయూన్ సమాధికి వెళ్లాము. తోటలో పర్యాటకులు ఫొటోలు తీసుకుంటున్నారు, బడిపిల్లలు వరుసలో నడుస్తున్నారు. 1857 సెప్టెంబరులో బహదూర్ షా తన కుటుంబంతో తలదాచుకున్నది ఈ సమాధి ప్రాంగణంలోనే. హడ్సన్ అనే అధికారి ఇక్కడే అతన్ని బంధించాడు. తర్వాత ఇద్దరు కుమారులను, ఒక మనుమడిని ఇక్కడి నుండే పట్టుకువెళ్లి దారిలో కాల్చి చంపాడు.

సరిగ్గా 90 ఏళ్లకు, 1947 సెప్టెంబరులో, ఇదే తోట ఢిల్లీ ముస్లింల శరణార్థి శిబిరమైంది. ఆరుబయట, వానలో, గుడారాలలో వేలాదిమంది ఇక్కడ ఎదురుచూశారు. రాజు తలదాచుకున్న చోటే ప్రజలూ తలదాచుకున్నారు.

ఆ శిబిరంలో సేవ చేసిన ఒక సోదరిని గురించి మన ఇళ్లలోని స్త్రీలు తెలుసుకోవాలి. ఆమె పేరు అనీస్ కిద్వాయ్. 1947 అల్లర్లలో ఆమె భర్త షఫీ అహ్మద్ కిద్వాయ్ ముస్సోరీలో హత్యకు గురయ్యారు. తీరని శోకంతో ఢిల్లీ వచ్చి గాంధీజీని కలుసుకున్నారు. తర్వాత పురానా ఖిలా, హుమాయూన్ సమాధి శిబిరాలలో రోగులకు, అనాథ పిల్లలకు, అపహరణకు గురైన స్త్రీలకు సేవ చేస్తూ గడిపారు. తన అనుభవాలను ‘ఆజాదీ కీ ఛావ్ మే’ అనే ఉర్దూ గ్రంథంగా రాశారు. అందులో ముస్లింలపై జరిగిన అన్యాయాన్ని చెప్పారు, ముస్లింలు చేసిన తప్పులను కూడా దాచలేదు. పగ తీర్చుకోవాలని అనుకోవడానికి ఆమెకు ఎవరికన్నా ఎక్కువ కారణముంది. ఆమె సేవను ఎంచుకున్నారు.

మా పిల్లవాడు మెట్లమీద కూర్చుండిపోయాడు. కొంతసేపటికి, “మా తాతగారి అన్నగారు కరాచీ వెళ్లిపోయారట ఉస్తాద్. మా తాతగారు వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదని నేనెప్పుడూ అడగలేదు” అన్నాడు. ఆ తాతగారు ఇప్పుడు లేరు. ఇలాంటి ప్రశ్నలు అడగకుండానే మన ఇళ్లలో ఎందరు పెద్దలు వెళ్లిపోయారో! పాఠకులారా, మీ ఇంట 80 ఏళ్లు దాటినవారు ఉంటే ఈ వారమే వారి పక్కన కూర్చుని అడగండి.

150 రూపాయల ప్రతిజ్ఞ

అక్కడి నుండి ఓఖ్లాలోని జామియా మిల్లియా ఇస్లామియాకు వెళ్లాము. ఈ కథ ఢిల్లీకి సుమారు 150 కిలోమీటర్ల దూరాన దేవ్‌బంద్‌లో మొదలవుతుంది. 1857 పరాజయం జరిగి తొమ్మిదేళ్లయినా కాకముందే, 1866 మే నెలలో, అక్కడి ఛత్తా మస్జిద్‌లో ఒక దానిమ్మ చెట్టు కింద ఒక ఉపాధ్యాయుడు, ఒక విద్యార్థితో దారుల్ ఉలూమ్ ఆరంభమైంది. మౌలానా ఖాసిమ్ నానౌతవీ (రహ్మలై), ఆయన సహచరులు దానికొక నియమం పెట్టారు. ప్రభుత్వం ముందు గాని, నవాబుల ముందు గాని చేయి చాపకుండా సామాన్యులు ఇచ్చే చందాలతోనే అది నడవాలి. పాదుషా జాగీరు మీద ఆధారపడిన మదరసా పాదుషాతోనే పోయిందని వారు కళ్లారా చూశారు. 1875లో ఢిల్లీ వాసియైన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అలీగఢ్‌లో ఆధునిక విద్యాలయం నెలకొల్పారు. ఈ రెండు బాటల మధ్య ఎన్నో విభేదాలున్నాయి. కాని రెండూ ఒకే ఓటమికి రెండు జవాబులు.

ఆ దానిమ్మ చెట్టు కింది తొలి విద్యార్థి పేరు మహ్మూద్ హసన్. ఆయనే తర్వాత షేఖుల్ హింద్‌గా ప్రసిద్ధులయ్యారు, బ్రిటిష్ వారి చేతిలో మాల్టా ద్వీపంలో చెర అనుభవించారు. 1920 అక్టోబరులో, మరణానికి నెలరోజుల ముందు, జబ్బుతో ఉండి కూడా అలీగఢ్ వెళ్లి జామియాకు పునాది వేశారు. దేవ్‌బంద్, అలీగఢ్ అక్కడ కలుసుకున్నాయి. 1925లో జామియా ఢిల్లీకి తరలివచ్చింది. నిధులు లేక మూతపడే స్థితిలో దాన్ని నిలబెట్టినవారు డాక్టర్ జాకిర్ హుస్సేన్. ఆయన 1897లో హైదరాబాద్‌లో జన్మించినవారు. 1928లో ఆయన, తోటి అధ్యాపకులు 20 ఏళ్లపాటు నెలకు 150 రూపాయలకు మించని జీతంతో పనిచేస్తామని ప్రతిజ్ఞ చేశారు. 1935లో ఓఖ్లాలో భవనానికి పునాదిరాయి వేయడానికి ఏ నవాబునూ, నాయకుణ్ణీ పిలవలేదు. బడిలో అందరికన్నా చిన్న విద్యార్థి చేత వేయించారు. 1967లో ఆయన భారత రాష్ట్రపతి అయ్యారు. ఆయన సమాధి ఈ ఆవరణలోనే ఉంది.

మెహందియాన్

అసర్ వేళకు ఢిల్లీ గేటు దిక్కుకు వచ్చాము. రోడ్డు నడుమ ఖూనీ దర్వాజా ఒంటరిగా నిలబడి ఉంది. షాహజాదాలను కాల్చి చంపింది దాని సమీపంలోనే. ఇటూ అటూ వాహనాలు ఆగకుండా పోతున్నాయి. అక్కడికి కొద్ది దూరంలో, మౌలానా ఆజాద్ వైద్య కళాశాల వెనుక, మెహందియాన్ అనే పాత ఖబ్రస్తాన్ ఉంది. పర్యాటకులు ఇక్కడికి రారు. నేను చూపించదలచినది ఇదే.

ఇక్కడ షా వలీయుల్లాహ్ దెహ్లవీ (రహ్మలై), ఆయన తండ్రి షా అబ్దుర్రహీమ్, ఆయన కుమారులు విశ్రమిస్తున్నారు. షా వలీయుల్లాహ్ 1703లో జన్మించి 1762లో పరమపదించారు. నాదిర్ షా కత్తి దూసిన ఢిల్లీలో ఆయన నివసించారు. పాదుషాలు ఒకరి తర్వాత ఒకరు గద్దెనెక్కి, కూలిపోతున్న కాలమది. ఆ దశాబ్దంలోనే ఆయన దివ్య ఖుర్ఆన్‌ను పారసీ భాషలోకి అనువదించే పని చేపట్టారు. అల్లాహ్ సందేశం అరబీ తెలిసిన కొందరికే పరిమితం కాకూడదని ఆయన తపన. ఆయన కుమారులు షా రఫీయుద్దీన్, షా అబ్దుల్ ఖాదిర్ మరో అడుగు ముందుకు వేసి, సామాన్యులు మాట్లాడే ఉర్దూలోకి అనువదించారు. షా అబ్దుల్ ఖాదిర్ అక్బరాబాదీ మస్జిద్‌లోని ఒక హుజ్రాలో ఏళ్ల తరబడి కూర్చుని ఆ పని చేశారు. 1790 ప్రాంతంలో అది పూర్తయింది.

“ఆ మస్జిద్‌కు కూడా వెళదామా ఉస్తాద్?” అన్నాడు పిల్లవాడు.

“మస్జిద్ లేదు బేటా. 1857 తర్వాత కూల్చివేశారు. నిన్న నువ్వు మెట్ల మీది నుండి చూసిన ఆ దిక్కునే ఉండేది” అన్నాను. తర్వాత అడిగాను, “మరి ఆ అనువాదం ఉందా, పోయిందా?”

అతను కొంచెం తడబడి, “ఉంది. మన కుతుబ్‌ఖానాలో మూడవ అరలో ఉంది” అన్నాడు.

కోట కట్టిన రాళ్లు ఖరీదైనవి, హుజ్రాలో కూర్చున్న మనిషి పేదవాడు. ఫిరంగులకు ఆ మస్జిద్ గోడ దొరికింది గాని, అందులో పుట్టిన గ్రంథం దొరకలేదు. ఆ అనువాద సంప్రదాయం దేశభాషలన్నిటికీ పాకింది. ఇరవయ్యవ శతాబ్ది తొలి భాగంలో చిలుకూరి నారాయణరావుగారు అనే హిందూ పండితులు దివ్య ఖుర్ఆన్‌ను మన తెలుగులోకి తెచ్చారు. ఈనాడు మన ఇళ్లలో తల్లులు పిల్లలకు తెలుగులో ఖుర్ఆన్ భావాన్ని చదివి వినిపిస్తున్నారు.

అదే ఖబ్రస్తాన్‌లో మరొక సమాధి ఉంది. మౌలానా హిఫ్జుర్రహ్మాన్ స్యోహారవీ (రహ్మలై). 1947 అల్లర్లలో ప్రాణాలకు తెగించి ఢిల్లీ వీధులలో తిరిగి, భయపడినవారికి ధైర్యం చెప్పి, అధికారులను నిలదీసి, ప్రజలను తమ ఇళ్లలో నిలిపినవారిలో ఆయన ముఖ్యులు. 1962లో మరణించారు. 1739ని చూసినవారు, 1947ని చూసినవారు ఒకే నేలలో కొద్ది అడుగుల దూరంలో పడుకుని ఉన్నారు. వారిలో ఎవరికీ సింహాసనం లేదు.

అక్కడ కూర్చుని పిల్లవాడికి ఉహుద్ గురించి గుర్తుచేశాను. ఉహుద్‌లో 70 మంది సహచరులు అమరులయ్యారు, స్వయంగా దైవప్రవక్త (స) గాయపడ్డారు. ఆ మరునాడే ఆయన అదే గాయాలతో, అదే గాయపడిన సహచరులతో హమ్రావుల్ అసద్ వరకు బయలుదేరి వెళ్లారు. ఆ సందర్భంలోనే ఆలి ఇమ్రాన్ సూరాలో అల్లాహ్ మనకొక సత్యాన్ని తెలియజేశాడు. గెలుపోటముల దినాలను ఆయన ప్రజల మధ్య మార్చి మార్చి తిప్పుతూ ఉంటాడు. దినం మారడం మన చేతిలో లేదు. మరునాటి ఉదయం ఏం చేస్తామన్నదే మన చేతిలో ఉంది. ఇరవై అయిదేళ్లుగా నేను ఉహుద్‌ను పూర్తిగా చెప్పాను గాని, 1857ను మాత్రం సాయంత్రం దగ్గరే ఆపేశాను. మరునాటి ఉదయం గురించి చెప్పలేదు.

“నువ్వు అడిగిన ప్రశ్న సరైనదే. తప్పు నా పాఠంలో ఉంది” అన్నాను. ఒక ఉస్తాద్ ఆ మాట అనడం అతను అంతకు ముందు విని ఉండడు. ఏమీ అనలేదు. లేచి, సమాధుల పక్కన పడి ఉన్న ఎండుటాకులను ఏరి ఒక పక్కకు చేర్చాడు.

తిరుగు ప్రయాణం

ఉర్దూ బజారులో కితాబులు కొన్నాము. ఒకప్పుడు బారులు తీరిన పుస్తకాల దుకాణాలు నేడు కొన్నే మిగిలాయి, చుట్టూ కబాబుల అంగళ్లు పెరిగాయి. దుకాణదారు పెద్దాయన మా జాబితా చూసి, ఒక్కొక్కటి దుమ్ము దులిపి తీసి ఇచ్చారు. చివరన నేను జాబితాలో లేని ఒక ప్రతి అడిగాను: షా అబ్దుల్ ఖాదిర్ గారి ఉర్దూ అనువాదం.

రైలులో పిల్లవాడు దుకాణం సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. రంజాన్ సెలవులకు అతను అటే తన ఊరికి వెళ్లాలి. విజయవాడ స్టేషన్‌లో మూటలు దించుకున్నాక, “ఉస్తాద్, ఆ ఒక్క కితాబును రంజాన్‌లో చదువుకోవడానికి తీసుకువెళ్లనా? షవ్వాల్‌లో తెచ్చి ఇచ్చేస్తాను” అన్నాడు. మూట విప్పి ఇచ్చాను.

వచ్చే సంవత్సరం 1857 పాఠాన్ని నేను మార్చి చెప్పబోతున్నాను. జరిగిన అన్యాయాన్ని తగ్గించను, మనవారు చేసిన తప్పును దాచను. కాని ప్రతి మలుపు దగ్గరా ఒక ప్రశ్న తప్పక అడుగుతాను: మరునాడు ఎవరు ఏం చేశారు? మీ ఇళ్లలో పిల్లలకు చరిత్ర చెప్పే తల్లిదండ్రులను కూడా ఇదే కోరుతున్నాను. మన తర్వాతి తరం మన గురించి ఈ ప్రశ్న అడిగినప్పుడు సిగ్గుపడనవసరం లేని జవాబును అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.